‘ఇంజన్ కొత్తగా చేయించాం’ అంటే నమ్మేయొచ్చా?

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో మీటర్ రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి చవగ్గా దొరుకుతుంది. ‘ఇంజన్ దింపి మొత్తం కొత్తగా చేయించాం, ఇక ఢోకా లేదు’ అని అమ్మేవాళ్లు చెబుతారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సొంత బండి పెట్టుకుందామనుకునేవాళ్లకు, ఇంటిల్లిపాదీ ఊళ్లకు వెళ్లడానికి పెద్ద బండి వెతుకుతున్న కుటుంబాలకు ఈ మాట బాగా నచ్చుతుంది. కానీ ‘చేయించాం’ అంటే ఏం చేయించారు? దాచుకున్న సొమ్ము పెట్టే ముందు ఇది తేల్చుకోవాలి.

హెడ్ గాస్కెట్ మార్చినా, రింగులు మాత్రమే వేసినా కొందరు ఇంజన్ చేయించామనే అంటారు. ఫుల్ ఇంజన్ పని వేరు. అందులో ఇంజన్‌ను పూర్తిగా విప్పి, సిలిండర్లు ఎంత అరిగాయో కొలుస్తారు. బోరుకొస్తే లేత్ షాపులో బోర్ చేయించి కాస్త పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. క్రాంక్ షాఫ్ట్ అరిగితే గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ బేరింగులు వేస్తారు. హెడ్ వంగిందేమో చూసి, వాల్వులు సరిచేస్తారు. ఇవన్నీ జరిగితే పార్టుల బిల్లు, లేత్ షాపు బిల్లు ఉండాలి. బిల్లు లేని ఇంజన్ పనికి ఎక్కువ ధర ఇవ్వాల్సిన పని లేదు.

రెండో ప్రశ్న: అసలు ఇంజన్ ఎందుకు దింపాల్సి వచ్చింది? మామూలుగా అరిగి దింపితే సరే. వేడెక్కి ఆగిపోయిందంటే రేడియేటర్, వాటర్ పంపు, ఫ్యాన్ కూడా బాగు చేశారా అని అడగాలి. అసలు కారణం అలాగే ఉంటే కొత్త పిస్టన్లు కూడా కాలిపోతాయి.

మూడోది: పని అయ్యాక బండి ఎంత తిరిగింది? నిన్నగాక మొన్న ఇంజన్ చేయించి నేడు అమ్మకానికి పెట్టిన బండి పనితనం ఇంకా తేలలేదు. పని తర్వాత ఇరవై ముప్పై వేల కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ తాగకుండా ఉన్నదే నమ్మదగ్గది.

బండిని పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. డీజిల్ బండిలో నల్ల పొగ ఎక్కువైతే ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్, టర్బో చూపించాలి. బండి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీస్తే గాలి గట్టిగా తన్నుకొస్తోందంటే రింగులు, సిలిండర్లు అరిగి ఉండొచ్చు. సొంత మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అన్ని సిలిండర్లలో రీడింగ్ దాదాపు ఒకేలా ఉండాలి.

మీటర్‌ను వెనక్కి తిప్పే అవకాశం ఉంది కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. సర్వీస్ రికార్డులో తేదీలు, కిలోమీటర్లు వరుసగా పెరిగాయా చూడాలి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్, డ్రైవర్ సీటు బాగా అరిగిపోయి మీటర్ మాత్రం యాభై వేలు చూపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. హైవే మీద, సమయానికి ఆయిల్ మారుస్తూ రెండు లక్షలు తిరిగిన బండి, సిటీ ట్రాఫిక్‌లో సర్వీసు లేకుండా లక్ష తిరిగిన దానికంటే మేలు కావచ్చు.

ఇంజన్ మీద ఉన్న నంబరు, ఆర్సీలోని నంబరు ఒకటే కావాలి. వేరే ఇంజన్ వేసి ఆర్సీలో ఎక్కించకపోతే బదిలీలో చిక్కులు వస్తాయి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే కాబట్టి, ఇంకెన్నేళ్లు మిగిలిందో లెక్కేయాలి. ఫైనాన్స్ బకాయి, పెండింగ్ చలాన్లు కూడా చూసుకోవాలి.

ఇవన్నీ అడిగితే విసుక్కునే వాళ్ల దగ్గర బేరం ఆపేయడమే మంచిది. అడ్వాన్స్ ఇవ్వకముందే మెకానిక్‌కు చూపించడానికి అయ్యే ఖర్చు, కొన్నాక మళ్లీ ఇంజన్ దింపే ఖర్చు ముందు ఏ మూలకూ రాదు.