పొలిమేరలో వదిలేసిన కుక్కపిల్లకు దిక్కెవరు?

దేవరాపల్లి: కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే ఇటు దేవరాపల్లి నుంచి అటు చోడవరం దాకా పల్లెల్లో రెండు పనులు ఇంచుమించు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి చెరకు నరుకుడు. రెండోది వీధికుక్కల ఈత. చెరకు గురించి మాట్లాడని రైతు ఉండడు. కుక్కల సంగతి ఎవరికీ పట్టదు. గడ్డివాముల కింద, బెల్లం వండే పాకల పక్క పిప్పికుప్పల్లో, కాలువ తూముల్లో, బడి వరండా మూలల్లో కుయ్ కుయ్ మని వినబడితే పిల్లలు పరుగెత్తుకెళ్లి చూస్తారు. పెద్దలు విసుక్కుంటారు.

ఊరకుక్కలు ఎక్కువగా భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో ఎదకు వస్తాయి. చూలు రెండు నెలల పైచిలుకు, సుమారు 63 రోజులు. ఈతకు నాలుగైదు పిల్లలు, ఒక్కోసారి అంతకు మించి. పుట్టిన పది పన్నెండు రోజులకు గాని వాటికి కళ్లు విడవవు. ఒంటి వేడిని నిలుపుకునే శక్తి కూడా అప్పటికి ఉండదు. తల్లి పొట్ట కింద దూరి బతకాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే అనంతగిరి కొండల వైపు నుంచి చలి దిగుతుంది, శారదా నది ఒడ్డున మంచు కమ్ముకుంటుంది. తల్లి తిండి కోసం పోయి ఆలస్యంగా వస్తే పిల్లలు ఆకలికన్నా ముందు చలికే పోతాయి.

మగపిల్లకు గిరాకీ, ఆడపిల్లకు పొలిమేర

చలికి తట్టుకున్నవి కళ్లు తెరిచి తప్పటడుగులు వేసే వేళకు బేరం మొదలవుతుంది. కళ్లం కాపలాకని, మేకల మందకని, తోట దగ్గరికని వచ్చి చూసేవారు ముందుగా చూసేది మగదా ఆడదా అని. మగదైతే చంకన పెట్టుకుపోతారు. ఆడదైతే కింద పెట్టేస్తారు. ఏటా ఈనుతుందని, ఆ గోల ఎవరు పడతారని వారి వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు.

మిగిలిన ఆడపిల్లలన్నీ ఒకరోజు రాత్రి గోనెసంచిలోకి చేరతాయి. సైకిలు మీదనో మోటారు సైకిలు మీదనో పొలిమేర దాటించి వంతెన దగ్గరో, సంత జరిగే తోటలోనో సంచి విప్పుతారు. ఈ ఊరివి ఆ ఊరికి, ఆ ఊరివి ఈ ఊరికి. దీనివల్ల ఏ ఊళ్లోనూ కుక్కలు తగ్గిన దాఖలా లేదు. తగ్గవు కూడా. పాలు మానని పిల్లల్లో కొన్ని చెరకు ట్రాక్టర్ల చక్రాల కింద పడతాయి, కొన్ని ఆకలితో పోతాయి. ఒకటో రెండో బతుకుతాయి. కుక్కపిల్లకు మనిషి మచ్చిక పట్టే వయసు మూడో వారం నుంచి సుమారు మూడు నెలల లోపే. ఆ కాలమంతా రాళ్లు, కర్రలు తప్ప మనిషి చేతి నుంచి మరేమీ ఎరగని పిల్ల పెద్దదై మనిషిని చూసి బెదురుతుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. అప్పుడు ఊరికి కోపం వస్తుంది.

ఆకలికి, దాహానికి బాధపడేలా జంతువును వదిలిపెట్టడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా మాత్రం పది నుంచి యాభై రూపాయలు. పిల్లలను పొలిమేర దాటించడానికి అయ్యే పెట్రోలు ఖర్చు అంతకంటే ఎక్కువ. చంపినా, అవిటిదాన్ని చేసినా లెక్క వేరు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

చట్టం మాట అటుంచి, భారతం విన్నవారికి సరమ కథ తెలియకపోదు. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ వెళ్తే రాజు తమ్ముళ్లు దానిని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. దేవతల కుక్క అయిన సరమ తిన్నగా రాజు ఎదుటికి వచ్చి, తప్పు చేయని పసిదాన్ని ఎందుకు కొట్టారని నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేదు. శాపం పెట్టి పోయింది. ఇది ఆదిపర్వం మొదట్లోనే వస్తుంది. ధర్మరాజు వెంట నడిచిన కుక్కను తలుచుకున్నంతగా ఈ పిల్లను ఎవరూ తలుచుకోరు.

మద్రాసు వానలో రెండు పిల్లలు

వీధిలోని కుక్కపిల్లను ఎత్తి తెచ్చుకోవడం పట్నవాసపు సరదా అనుకునేవారు ఉన్నారు. అది ఎలా మొదలైందో తెలిస్తే అలా అనరు. 1959లో మద్రాసులో పెద్ద వాన కురిసి వీధులు నీట మునిగాయి. విమాన చోదకుడు కెప్టెన్ వి. సుందరం కారులో పోతూ, నీటిలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లలను చూసి ఇంటికి తెచ్చారు. ఆ రెండు పిల్లలతో మొదలైన పనే తరువాత బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా అనే పెద్ద సంస్థ అయింది. ఆయన కుమారుడు చిన్నీ కృష్ణ 1960లలోనే, కుక్కలను చంపినందువల్ల అవి తగ్గవని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి పుట్టిన వీధిలోనే వదలాలని చెబుతూ వచ్చారు. మద్రాసు కార్పొరేషన్ అప్పటికే ఏళ్ల తరబడి కుక్కలను పట్టి చంపుతూనే ఉంది, కుక్కలు ఉంటూనే ఉన్నాయి. ఆ మాట చెవికెక్కడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 1996 నాటికి గాని ఆ నగరంలో ఆపరేషన్ల పద్ధతి పూర్తిగా రాలేదు.

అదే 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ విశాఖ జంతు సంరక్షణ సంఘాన్ని ప్రారంభించారు. కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు, దెబ్బతిన్న వాటికి వైద్యం, దిక్కులేని పిల్లలను కోరినవారికి పెంపకానికి ఇవ్వడం ఈ సంఘం పని. సింహాద్రి అప్పన్నకు భక్తులు మొక్కుగా ఇచ్చే కోడెదూడలు ఆలనాపాలనా లేక చనిపోతున్నప్పుడు గొంతెత్తిందీ, తీరంలో తాబేళ్ల గుడ్లను కాపాడిందీ ఈ సంఘమే. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో వారి ఆశ్రయం బాగా దెబ్బతింది. మళ్లీ నిలదొక్కుకున్నారు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్‌ను స్థాపించారు. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలక సంస్థ తానే ఊరకుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. ఒకప్పుడు కుక్కలను పట్టే బండి పంపిన వారే పిల్లను చేతిలో పెట్టి పెంచుకోమంటున్నారంటే కాలం మారినట్టే.

భయం అబద్ధం కాదు

ఇదంతా చదివి, కుక్కల పక్షం మాట్లాడేవారికి మనుషుల బాధ పట్టదా అని ఎవరైనా అడిగితే తప్పులేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు కరిచి చంపాయి. దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారని భారత వైద్య పరిశోధన మండలి పరిశోధకులు అంచనా కట్టారు. పిచ్చి లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు లేదు.

పిల్లలు కుక్కపిల్లలతో ఆడుకునే ఇంట్లో ఒక సంగతి తప్పక తెలిసి ఉండాలి. కుక్కపిల్ల కరిచినా, గీరినా అది కుక్కకాటే. పిల్లే కదా అని ఊరుకోరాదు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి పోవాలి. మొదటి రోజు, తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా వేస్తారు. గాయం లోతుగా ఉంటే గాయంలోనే వేరే మందు కూడా ఎక్కిస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటూ ముసలివాళ్లు చెప్పేది పాత మందు సంగతి. 2005 నాటికి దేశంలో దాని వాడకం ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికి. ఆ సూదుల భయంతో పసరు మందులకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

తెచ్చుకున్నాక చేయవలసింది

మొదటి మాట, తల్లి ఉన్న పిల్లను తొందరపడి ఎత్తుకోరాదు. తల్లి తిండికి పోయి ఉండవచ్చు. కొన్ని గంటలు దూరం నుంచి చూడాలి. తల్లి ఉంటే పిల్లలకు పాలు పట్టే బదులు తల్లికి రోజూ ఇంత అన్నం పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఒక గోనెపట్టా, వానకూ మంచుకూ అడ్డంగా రెండు పాత రేకులు వేస్తే అంతకంటే మేలు లేదు. పెంచుకోవడానికి తెచ్చుకునే పిల్లకు ఎనిమిది వారాలు నిండాలి.

తల్లి చచ్చిపోయిన పిల్లలైతే ముందు వెచ్చదనం, తరువాతే తిండి. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగదు. ఆవుపాలు, గేదెపాలు ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. నాలుగైదు వారాల పిల్ల మెత్తటి అన్నం, పలుచని చోడి అంబలి, ఉడికించిన గుడ్డు తింటుంది. ఉప్పూకారం, ఉల్లి వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి కనుక అవీ వద్దు. పొట్ట ఉబ్బి కాళ్లు సన్నబడిన పిల్లకు తిండి ఎక్కువై కాదు, కడుపులో నులిపురుగులు పెరిగి ఆ రూపం వస్తుంది. ఆ మందు పశువైద్యుడిని అడిగి రెండు మూడు వారాల వయసు నుంచే వేయవచ్చు. నెత్తుటి విరేచనాలు, వాంతులు పట్టుకున్న పిల్ల పార్వో జబ్బుతో రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. దానికి టీకా ఆరు వారాల నుంచి వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆపైన ఏటా.

ఇక ఆడపిల్ల సంగతి. ఏటా ఈనుతుందన్న భయానికి విరుగుడు ఉంది. ఆరు నెలలు దాటాక ఒక్క ఆపరేషన్‌తో ఆ బెడద జీవితాంతం తీరుతుంది. కాపలాకు ఆడకుక్క మగదానికి తీసిపోదు. ఊరంతా తిరిగి దెబ్బలాటలు తెచ్చుకోవడంలో మగకుక్కదే పైచేయి అని పెంచినవారికి తెలుసు. ఆపరేషన్ సదుపాయం అన్ని పశువైద్యశాలల్లో ఒకేలా ఉండదు కనుక మండల కేంద్రంలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

ఎవరూ పెంచుకోని వీధికుక్కల పూచీ స్థానిక సంస్థలది. 2001లో వచ్చి 2023లో మారిన నిబంధనల ప్రకారం ఆపరేషన్లు, టీకాలు వేయించవలసింది పట్నాల్లో మునిసిపాలిటీ, పల్లెల్లో పంచాయతీ. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరించి గుర్తు పెడతారు. వీధుల్లోని కుక్కలకు ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలని, దత్తత తీసుకోగోరేవారు స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధికెక్కకుండా చూడాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్ల ఆవరణల నుంచి పట్టిన వాటిని మాత్రం తిరిగి అక్కడ వదలరాదని అదే ఏడాది నవంబరు 7న ఆదేశించింది. బడి వరండాలో ఈనిన కుక్క విషయంలో పంచాయతీ పెద్దలు ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి.

మార్గశిరంలో పుట్టిన పిల్లకు ఫాల్గుణానికి మూడు నెలలు నిండుతాయి. రేబిస్ టీకా అప్పుడే వేయించాలి. పాశ్చర్ 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి మొట్టమొదటిసారి ఈ టీకా వేశాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. అయితే అందాకా ఆగితే నాలుగు నెలలు టీకా లేకుండా పిల్లలతో ఆడినట్టే. జూలైకి అది ఆరు నెలలు దాటి ఉంటుంది. ఆడదైతే ఆ రోజున డాక్టరుగారిని ఆపరేషన్ సంగతి అడగాలి. మళ్లీ భాద్రపదం రావడానికి అప్పటికి సుమారు రెండు నెలలే ఉంటుంది.