టికెట్ కౌంటరే ఫ్రెంచి బడి

నేను రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషిని. కిటికీకి అవతల నిలబడ్డ జనం వెయ్యి రకాలుగా అడుగుతారు. ఇవతల కూర్చున్న గుమాస్తా మాత్రం పొద్దుటి నుంచి డ్యూటీ దిగేదాకా తిప్పి తిప్పి అవే నాలుగు ముక్కలు మాట్లాడతాడు. ఎక్కడికి, ఎందరికి, ఏ బండికి, చిల్లర ఉందా, ఆ తర్వాతెవరు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటోంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా చుట్టుపక్కల పాత ఊళ్లు చూస్తూ ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఈ వయసులో నాకు ఆ ధైర్యం ఎక్కడిదంటే, కౌంటరు వెనక మనిషి ఏం మాట్లాడతాడో తెలిసి ఉండటమే.

కొత్తగా భాష నేర్చేవాళ్లు ప్రశ్నను బట్టీ పట్టి వెళ్తారు. ‘రెండు టికెట్లు ఇవ్వండి’ అని గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. అవతలి నుంచి జవాబు రాగానే తెల్లమొహం వేస్తారు. నా లెక్కలో బట్టీ పట్టాల్సింది జవాబునే. పాత ఊళ్లలో అది సాధ్యం, ఎందుకంటే అక్కడ మనకు తగిలే మాటలు ఎక్కువగా నాలుగు చోట్ల నుంచే వస్తాయి: స్టేషను, బేకరీ, టికెట్ కౌంటరు, గైడు. నాలుగు చోట్లా వాళ్లు ఏమంటారో ఇంటి దగ్గరే ఊహించి పెట్టుకోవచ్చు.

స్టేషన్లో: చదవడం

తులూజ్ నుంచి ఆల్బికి రైల్లో గంట ప్రయాణం. కార్కసోన్‌కీ దాదాపు అంతే. స్టేషను బోర్డు మొదటి పాఠం, ఎందుకంటే బోర్డు తొందరపెట్టదు. ‘వ్వా’ అన్న మాట పక్కన అంకె ఉంటే అది బండి వచ్చే లైను. ‘రతార్’ కనిపిస్తే బండి లేటు. వేళలు 24 గంటల లెక్కలో ఉంటాయి కాబట్టి మన రైళ్లెక్కినవాళ్లకు కొత్తేమీ కాదు. సాయంత్రం ఐదున్నరను అక్కడ కూడా పదిహేడు ముప్పై అనే రాస్తారు, అలాగే పలుకుతారు.

ఊళ్లోకి అడుగుపెట్టాక తలుపుల మీది కాగితాలు చదవండి. ‘ఊవేర్’ అంటే తెరిచి ఉంది, ‘ఫెర్మే’ అంటే మూసి ఉంది, ‘సోఫ్’ అంటే తప్ప. ‘సోఫ్ మార్దీ’ అని ఉంటే మంగళవారం తప్ప మిగతా రోజులన్నీ తీస్తారని. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలా కొట్లు మూసేస్తారు. ఆ కాగితం చదవడం రాకపోతే భోజనాల వేళ వీధులు పట్టుకు తిరగాల్సిందే. తులూజ్‌లో ఇంకో సంగతి. వీధి పేర్ల పలకలు చాలాచోట్ల రెండు భాషల్లో ఉంటాయి. ఒకటి ఫ్రెంచి, రెండోది ఆ ప్రాంతపు పాత భాష ఆక్సిటాన్. మెట్రోలో స్టేషన్ల పేర్లు కూడా రెండింటిలోనూ చెబుతారు. రెండోది అర్థం కాలేదని బెంగపడకండి, పారిస్ నుంచి వచ్చినవాళ్లకూ అర్థం కాదు.

బేకరీలో: వినడం

బేకరీలోకి అడుగుపెడుతూనే ‘బోంజూర్’ అనాలి. ఆ పలకరింపు లేకుండా నేరుగా బేరంలోకి దిగితే మర్యాద తెలియని మనిషి కింద జమకడతారు. చాక్లెట్ పెట్టిన రొట్టె కావాలంటే తులూజ్ వైపు ‘షొకొలాతీన్’ అని అడగాలి, పారిస్ వాళ్ల మాట ఇక్కడ చెల్లదు. మనం అడిగింది సంచిలో వేస్తూ కొట్టావిడ ‘అవెక్ ససీ?’ అంటుంది. చాలామంది దీన్ని ధర అనుకుని పర్సు తీస్తారు. ఆవిడ అడిగేది ఇంకేమైనా కావాలా అని. ‘సె తూ, మెర్సీ’, ఇంతేనండి, అంటే సరిపోతుంది. అప్పుడు వస్తుంది ధర: ‘దొజూరో కాత్ర వాఁ’. రెండు యూరోల ఎనభై సెంట్లు. ఆ వెంటనే ‘పార్ కార్త్?’ అని కార్డా నగదా అడుగుతుంది. చివర ‘బొన్ జుర్నే’ అని సాగనంపుతుంది. రేపు వెళ్లినా ఇదే వరస, పక్కూళ్లోనూ ఇదే వరస.

దక్షిణాదివాళ్ల యాస మనకు కలిసొస్తుంది. ఉత్తరాదివాళ్లు మింగేసే పదాంతపు అచ్చును ఇక్కడివాళ్లు పలుకుతారు. ‘తులూజ్’ అన్నది వాళ్ల నోట ‘తులూజ’ అనే వినిపిస్తుంది. మాట ఎక్కడ ముగిసిందో తెలుగు చెవికి తెలుస్తుంది.

కౌంటరు దగ్గర: జవాబివ్వడం

ఆల్బిలో సాంత్ సెసీల్ కెథెడ్రల్‌ను 1282లో కట్టడం మొదలుపెట్టారు. అంతా ఇటుక కట్టడమే. బయటి నుంచి గుడిలా కాక కోటలా కనిపిస్తుంది. అంతకుముందు కాథలిక్ చర్చిని ధిక్కరించిన కాథర్ల మీద యుద్ధాలు జరిగాయి. ఇక్కడ చర్చిదే పైచేయి అని చాటడానికే గోడలు అంత బింకంగా లేపారు. లోపల పెద్ద గోడ మీద అంతిమ తీర్పు బొమ్మ ఉంది. కింద నరకంలో ఒక్కో పాపానికి ఒక్కో శిక్ష, దాని కింద పాత ఫ్రెంచిలో రాత. 1693లో ఆ గోడకు మధ్యలో దారి తీసి బొమ్మను కొంత చెడగొట్టారు. దాంతో ఏడు పాపాల్లో సోమరితనం ఎగిరిపోయింది. నాలాంటి విద్యార్థులకు అదొక ఊరట.

పక్కనే బెర్బీ ప్యాలెస్‌లో చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ మ్యూజియం. ఆయన 1864లో ఈ ఊళ్లోనే పుట్టాడు. పారిస్ నాట్యశాలల కోసం ఆయన గీసిన పోస్టర్లు మొదటి తరగతి వాచకాల్లా ఉంటాయి: పెద్ద అక్షరాలు, తక్కువ మాటలు, పక్కనే బొమ్మ.

ఇలాంటి చోట టికెట్ కొనేటప్పుడు మామూలుగా వచ్చే ప్రశ్నలు మూడు. ఎందరు? పూర్తి ధరా, రాయితీనా? ‘వు వెనే ద కెల్ పెయీ?’ అంటే ఏ దేశం నుంచి వచ్చారు? ఈ మూడోది వినగానే పాస్‌పోర్టు కోసం తడుముకోనక్కర్లేదు. సందర్శకుల లెక్క కోసం అడుగుతారు. ‘ద లాఁద్’, ఇండియా నుంచి, అంటే చాలు.

మన యాస వినగానే కొందరు ఇంగ్లీషులోకి మారిపోతారు. అది చిన్నచూపు కాదు, వెనక వరస కదలాలన్న తొందర. కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ తొందర నాకు తెలుసు. అందుకే తలుపులు తీసే వేళకే వెళ్లమంటాను, సీజను కాని నెలల్లో వెళ్లమంటాను. ‘జాప్రాఁ ల ఫ్రాఁసే’, ఫ్రెంచి నేర్చుకుంటున్నానండి, అని ఒక్క మాట అంటే చాలామంది నిదానిస్తారు. అప్పటికీ అందకపోతే ‘ప్లు లాఁత్‌మాఁ, సిల్ వు ప్లే’, కాస్త మెల్లగా, అనండి. మనకు మీరు, నువ్వు అలవాటే కాబట్టి కొత్తవాళ్లను ‘వు’, అంటే మీరు, అనడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇంకో సూత్రం. భాష వచ్చిన కుటుంబసభ్యులను దూరంగా నిలబెట్టండి. ‘నువ్వాగు నాన్నా, నేను మాట్లాడతా’ అని మా అమ్మాయి ముందుకొస్తే ‘నువ్వెళ్లి ఆ బల్ల మీద కూర్చో తల్లీ’ అని పంపేస్తాను.

గైడు వెంట: అంకెలు పట్టుకోవడం

కార్కసోన్ కోటకు 52 బురుజులు, రెండు వరసల గోడలు. శిథిలమైన కోటను 1853 నుంచి వియొలె ల ద్యూక్ అనే వాస్తుశిల్పి బాగుచేయించాడు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గోడల మధ్య వీధుల్లో ఉచితంగా తిరగొచ్చు, లోపలి దుర్గానికే టికెట్. అక్కడ ఫ్రెంచి గైడు వెంట నడవండి. కథంతా అర్థం కానక్కర్లేదు, సంవత్సరాలు మాత్రం పట్టుకోండి.

అదే గట్టి పరీక్ష. ఫ్రెంచి లెక్కలో డెబ్భై అంటే అరవై పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల పది. 1997లోని చివరి తొంభై ఏడు ‘కాత్ర వాఁ దీ సెత్’ అవుతుంది, అంటే నాలుగు ఇరవైల పదిహేడు. గైడు అది పలికి ముగించేలోగా మనసులో కూడిక అయిపోవాలి. చేతిలో కరపత్రం ఉంటే విన్న అంకె సరైనదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. సంవత్సరాలు చెవికి పట్టుబడిన మనిషికి బేకరీ ధరలూ, ప్లాట్‌ఫారం ప్రకటనలూ ఒక లెక్క కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నా సలహా ఇది. మొదటి రోజు మీ వంతు రాగానే వెనకవాళ్లను ముందుకు పంపి, మీరు పక్కన నిలబడండి. ఇద్దరు ముగ్గురి బేరం చెవిన వేసుకోండి. కౌంటరు మనిషి అడిగే ప్రశ్నలు, వాటి వరస, జనం ఇచ్చే జవాబులు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. నాలుగో మనిషిగా మీరు వెళ్లండి.