విషాన్ని పీపాలోనే పట్టుకోవాలి

దగ్గు సిరప్‌లో అసలు మందు పాలు చాలా తక్కువ. మిగిలిందంతా దాన్ని కరిగించే ద్రవం, తీపి, రంగు, వాసన. పసిప్రాణాలు తీసిన సిరప్‌లలో విషం దాగింది ఆ ద్రవంలోనే.

పారాసిటమాల్ లాంటివి నీళ్లలో బాగా కరగవు కాబట్టి ప్రొపైలీన్ గ్లైకాల్ కలుపుతారు. మందుల కోసం శుద్ధిచేసిన రకమైతే దానితో భయం లేదు. డైఇథిలీన్ గ్లైకాల్ సంగతి వేరు. బ్రేక్ ఆయిల్‌లో వాడే చవక రసాయనమది. రెండూ రంగులేని చిక్కటి ద్రవాలే, రెండూ తియ్యనివే, ఒకదాని బదులు ఇంకొకటి కలిసినా కంటికీ నాలుకకూ తేడా చిక్కదు. లోపలికి వెళ్లాక డైఇథిలీన్ గ్లైకాల్ డైగ్లైకాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల కణాలను చంపేస్తుంది. ముందు వాంతులు, తర్వాత మూత్రం ఆగిపోవడం. బిడ్డ జ్వరంతో నీరసించాడనుకుని తల్లి ఇంకో చెంచా పోస్తుంది.

1937లో అమెరికాలో మాసెంగిల్ కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లోనే కరిగించి అమ్మింది. రుచి, రంగు, వాసన చూశారు గానీ విషమా కాదా అన్నది చూడలేదు. చూడాలని చట్టంలో లేదు మరి! వందమందికి పైగా చనిపోయినా, ఆల్కహాల్ లేని మందుకు ఎలిక్సిర్ అని పేరు పెట్టారన్న నేరమే మోపగలిగారు. అమ్మకముందే భద్రత నిరూపించాలన్న చట్టం 1938లో వచ్చింది.

మన ఔషధ చట్టం 1940 నాటిది. అయినా 1986లో ముంబై జె.జె. ఆసుపత్రిలో ఈ రసాయనం కలిసిన గ్లిజరిన్ 14 మందిని బలిగొంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు పోయారు. వాళ్లు తాగిన, కాంచీపురంలో తయారైన కోల్డ్రిఫ్ దగ్గు సిరప్‌లో ఆ రసాయనం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. అనుమతించే హద్దు 0.1 శాతం. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ సిరప్ వాడొద్దని హెచ్చరించింది, పిల్లలు పోయాక.

దుకాణాల్లో శాంపిళ్లు తీయడం అవసరమే. కానీ ఫలితం వచ్చేలోగా సీసాలు ఖాళీ అవుతాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఈ విషాన్ని ముడిసరుకులోనే పట్టుకోవచ్చు. ఆ బాధ్యత తయారీదారుదేనని నిబంధనలూ చెబుతున్నాయి. చేతులు మారే దారిలో ఏ పీపాలో ఏం కలిసిందో సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్ చెప్పలేదు. అందుకే ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే పీపా పీపాకూ చేసిన పరీక్ష రికార్డు అడగాలి, అది లేని చోట తయారీని అప్పటికప్పుడే ఆపించాలి.