ఏడు చేపలకు ఎనిమిది గళ్ళు

సెలవురోజు మధ్యాహ్నం పిల్లలు ఇల్లు పీకి పందిరి వేస్తున్నారా? ఒక తెల్లకాగితం, పెన్సిలు చేతికిచ్చి, ఏడు చేపల కథను బొమ్మల కథగా వేయమనండి. రెండు గంటలే గడువు పెట్టండి. గడువు ఎందుకంటారా? అది లేకపోతే రాజుగారి కిరీటానికి రత్నాలు దిద్దేసరికే పొద్దుగూకుతుంది. కథ చేపల దాకా రానే రాదు!

అమెరికాలో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే చిత్రకారుడు 1990లో, 24 గంటల్లో 24 పేజీల బొమ్మల కథ వేయాలనే పందేనికి నాంది పలికాడు. మనకు అన్ని పేజీలు అక్కర్లేదు. కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళొస్తాయి. మొదటి గడిలో రాజకొడుకుల వేట. తర్వాత చేప, గడ్డివాము, ఆవు, పసులకాపరి, అవ్వ, పసిబిడ్డ, చీమ. కథకు సరిగ్గా సరిపోయాయి కదూ!

ఇలా గళ్ళుగా కథ చెప్పడం మనకు కొత్త కాదు. జనగామకు దగ్గర్లోని చేర్యాలలో (2016 నుంచి ఇది సిద్దిపేట జిల్లాలో ఉంది) నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని రంగు మీద కథంతా వరుసగా వేస్తారు. అలాంటి పటం విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు.

ఇక పని చూద్దాం. మొదటి పది నిమిషాలు కథ నోటితో చెప్పించి, గడికొక ప్రశ్న, ఒక జవాబు రాయించండి. బొమ్మల్లో ముందుగా చివరిదైన చీమను వేయించండి. ముగింపు చేతిలో ఉంటే కంగారుండదు. గడికి పది నిమిషాల చొప్పున ఎనభై నిమిషాలు. మిగిలిన అరగంట గీతలు దిద్దడానికి, రంగులకు. ఏడుగురు కొడుకుల ముఖాలూ గీయనక్కర్లేదు. తాడుకు వేలాడే ఏడు చేపలు చాలు.

వేళ మించిపోతోందని పిల్లలు నడిమి గళ్ళు ఎగరగొట్టబోతారు. అది మాత్రం ఒప్పుకోకండి. రంగులు తగ్గినా ఫరవాలేదు, గళ్ళు తగ్గకూడదు. కాపరికి అవ్వ అన్నం పెట్టలేదన్న దగ్గర కథ ఆగిపోతే తప్పంతా ఆమెదే అనిపిస్తుంది. పక్కగడిలో ఏడ్చే బిడ్డ కనబడితేనే ఆ తల్లికి చేయి ఎందుకు ఖాళీ లేదో తెలుస్తుంది. అన్నట్టు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో చాలా ఇళ్ళల్లో అవ్వంటే అమ్మే. తెల్లజుట్టు ముసలమ్మనే వేయాలని లేదు. చంకన బిడ్డ, పొయ్యి మీద కుండ ఉన్న పడుచు తల్లిని వేయమనండి.

చివరికి చీమకూ ఒక గడి నిండుగా ఇవ్వండి. తన పుట్టలో వేలు పెడితే కుట్టానని అది కూడా చెప్పుకోవాలి కదా! తప్పెవరిదో తేల్చే ముందు అందరి మాటా వినాలని మనం వేరే చెప్పనవసరం లేదు. గడిగడికీ వేలు పెట్టి బొమ్మల కథ చదివేటప్పుడు పిల్లలకే తెలుస్తుంది.