మళ్ళీ పడే ముడి

సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ పొడిని నీళ్ళలో కలిపితే గంజిలా చిక్కబడుతుంది. దాన్ని కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్ళలో చుక్కలుగా విడిస్తే, చుక్క పడ్డది పడ్డట్టే పైపొర కట్టి మెత్తని గోళీ అవుతుంది. అందులో దాదాపు అంతా నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది కాల్షియం: రెండు పొడవాటి ఆల్జినేట్ గొలుసుల మడతల్లో, అట్టపెట్టెలో కోడిగుడ్లు ఒదిగినట్టు అయాన్లు ఒదిగి, రెంటినీ ముడేస్తాయి. అదే గోళీని సోడియం సిట్రేట్ నీళ్ళలో వేస్తే సిట్రేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, గోళీ మళ్ళీ గంజి అవుతుంది. లోహంతో కట్టిన ఇలాంటి జెల్‌లనే ‘స్మార్ట్’ అంటున్నారు. ఆ మాట కాస్త ఎక్కువే. జెల్‌కు బుర్రేమీ లేదు. పరిస్థితిని బట్టి పడి, ఊడి, మళ్ళీ పడే ముడి ఉంది, అంతే.

ఇనుముతో ఈ ముడి కంటికే కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెట్టి కసిమి తయారుచేస్తారు. కరక్కాయ పట్టించిన బట్టమీద దానితో గీసిన గీత నల్లబడేది, కరక్కాయ టానిన్‌లో పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్‌లు ఇనుమును పట్టుకోవడం వల్లే. మస్సెల్ అనే ఆల్చిప్ప రాతికి అంటుకునే దారాల్లోనూ అలాంటి హైడ్రాక్సిల్ జంటలే ఉంటాయి. 2011లో నీల్స్ హోల్టెన్-ఆండర్సన్ బృందం వాటిని పాలిమర్ కొసలకు తగిలించి ఇనుము కలిపింది. ఆమ్లంలో ఒక్కో అయాన్‌కు ఒక్క జంటే: ఆకుపచ్చ ద్రవం. క్షారం పెరిగితే రెండు: ఊదారంగు జిగురు. ఇంకా పెరిగితే మూడు: సాగే ఎర్రటి జెల్. దాన్ని తెంచినా నిమిషాల్లో అతుక్కుంటుంది.

ఊడే ముడి బలహీనమే కదా అనవచ్చు. 2012లో హార్వర్డ్‌లో జిగాంగ్ సువో బృందం ఆల్జినేట్-కాల్షియం వలను పాలీఎక్రిలమైడ్ వలతో పెనవేసి చేసిన జెల్‌లో 90 శాతం నీళ్ళే, అయినా అది తన పొడవుకు 20 రెట్లు సాగింది. లాగినప్పుడు ముందు కాల్షియం ముడులు ఊడి ఆ దెబ్బను తాము తీసుకుంటాయి, అసలు గొలుసులు తెగకుండా నిలుస్తాయి. లోహం బయటికి కారితే విషం కాదా అన్న అనుమానం మాత్రం న్యాయమైనదే. నికెల్, కోబాల్ట్‌లతో కట్టిన జెల్‌ను పుండుమీద పెట్టేముందు ఆలోచించాల్సిందే. కాల్షియం సంగతి వేరు. రసి కారే పుండ్లకు వాడే కాల్షియం ఆల్జినేట్ కట్టు మొదట పొడి పీచే. రసిలోని సోడియం కాల్షియం స్థానంలోకి చేరేకొద్దీ పీచు మెత్తని జెల్ అవుతుంది. కట్టు మార్చేటప్పుడు సెలైన్‌తో కడిగితే, కొత్తగా వస్తున్న చర్మం ఊడిరాకుండా అదొక్కటే వచ్చేస్తుంది.