రిపోర్టు వచ్చువరకు

ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్ళు మాఘ శుద్ధ ఏకాదశినాడు మొదలై పదునైదు దినములు సాగును. ఆ దినములలో ఊరిలో ఏ యింట చూచినను చుట్టములు, పిండివంటలు, పిల్లల సందడి. అట్టి సమయమున ఒక ఇల్లాలికి స్నానము చేయుచుండగా రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలినదనుకొందము. నొప్పి లేదు, వాపు లేదు. "తిరునాళ్ళు కానీ, తరువాత చూపించుకుందాం" అని ఆమె ఊరకుండును. తిరునాళ్ళ వెనుక మినుము పీకుట వచ్చును. దాని వెనుక పిల్లల పరీక్షలు, ఆపై పెండ్లిండ్లు. తుదకు ఒకనాటి సాయంకాలము పెరటిగోడ యొద్ద నిలిచి, పొరుగింటి స్నేహితురాలితో మెల్లగా, "వదినా, నీకొక మాట చెప్పాలి. ఎవరితోనూ అనకు" అనును.

ఆ స్నేహితురాలు అప్పుడు ఏమి అనవలెను? ఏమి చేయవలెను? ఈ ప్రసంగమునకు విషయమిదియే. వ్యాధి నిశ్చయమైన పిమ్మట జరుగు చికిత్సను గూర్చి చెప్పువారు పలువురు కలరు. అనుమానము పుట్టిన దినమునకును, రిపోర్టు చేతికందు దినమునకును నడుమ గడచు వారములను గూర్చి చెప్పువారు తక్కువ. మనిషి మిక్కిలి ఒంటరియగునది ఆ వారములలోనే.

సామాన్యముగా వినబడు సమాధానములు రెండు. మొదటిది, "ఏమీ కాదులే, వేడి చేసి ఉంటుంది." రెండవది, "అయ్యో, మా మేనత్తకూ ఇలాగే మొదలైంది!" మొదటి మాటలో ప్రేమ కలదు, రెండవ మాటలో జాలి కలదు. కాని రెండును తీర్పులే. విచారణ జరుగక మునుపే తీర్పు చెప్పుట ఎవరికిని తగదు. మొదటి మాట విన్న ఇల్లాలు ధీమాతో డాక్టరు వద్దకు పోవుట మానును. రెండవ మాట విన్న ఇల్లాలు భయముతో మానును. ఫలితము ఒక్కటే.

నిజమేమనగా, రొమ్ములో తగులు గడ్డలలో ఎక్కువ భాగము కాన్సరు కావు. కొన్ని నీటి తిత్తులు. మరికొన్ని పడుచువారిలో తరచుగా కనబడు ఫైబ్రోఎడినోమా అను గడ్డలు. అయినను వేలితో తడవి నిశ్చయముగా చెప్పుట ఎంతటి అనుభవశాలికిని సాధ్యము కాదు. నొప్పి లేదు కదాయని ధైర్యపడుటయు పొరపాటే. తొలిదశలోని కాన్సరు గడ్డ పెక్కుమారులు నొప్పి పెట్టదు. మూడు వారములు దాటినను మానని నోటిపుండు, నోటిలో తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, వారముల తరబడి తగ్గని బొంగురుగొంతు, మింగుడు పడకుండుట, ముట్లుడిగిన పిమ్మట మరల రక్తము కనబడుట, కారణము లేక బరువు తగ్గుట, ఇవియు ఉపేక్షింపరానివే. ఇవి కనబడినంత మాత్రమున కాన్సరని అర్థము కాదు, చూపించుకొనవలెనని అర్థము.

కనుక స్నేహితురాలు చెప్పదగిన మాట చిన్నది: "చెప్పి మంచిపని చేశావు వదినా. అదేమిటో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకుందాం. రేపు ఆసుపత్రికి పోదాం, నేనూ వస్తాను." ఈ మాటలో అబద్ధపు ధైర్యము లేదు, అపశకునము లేదు. ఒక దినము కలదు, ఒక తోడు కలదు. భయపడిన మనిషికి కావలసినవి ఆ రెండే.

ఆసుపత్రిలో జరుగు పని మూడు అంచెలు. డాక్టరు చేతితో పరీక్షించుట మొదటిది. మామోగ్రామ్ గాని అల్ట్రాసౌండు గాని తీయుట రెండవది. అనుమానము నిలిచినచో గడ్డనుండి కొంత తీసి చూచుట మూడవది. సన్నని సూదితో కణములను లాగినచో సూది పరీక్ష యనియు, లావు సూదితో గాని కత్తితో గాని చిన్న తునుక తీసినచో ముక్క పరీక్ష యనియు వాడుకలో అందురు. రొమ్ము గడ్డకైనచో ముక్క పరీక్షను ఆ చోటు మొద్దుబారునట్లు మందు ఇచ్చి చేయుదురు. సాధారణముగా ఆ దినమే ఇంటికి రావచ్చును.

ఇచట ఒక పాతమాట అడ్డుపడును. "ఇనుము తగిలితే పుట్టకురుపు పాకుతుంది" అని పెద్దలనుట కలదు. వెనుకటి కాలమున మిక్కిలి ముదిరిన పిమ్మటనే రోగిని కత్తికి అప్పగించెడివారు. అప్పటికే పాకియున్న వ్యాధి తరువాత బయటపడగా, నింద కత్తిపై పడెడిది. రొమ్ము గడ్డకు చేయు సూది పరీక్ష వలన వ్యాధి ముదురునను భయమునకు ఆధారము లేదు. కొన్ని అవయవముల విషయమున ఏ దారిన ముక్క తీయవలెనో జాగ్రత్త వహింపవలసి యుండును. ఆ జాగ్రత్త వైద్యులెరుగుదురు. అట్లే కాన్సరు అంటువ్యాధి కాదు. కలిసి భోజనము చేసినను, ఒక మంచముపై కూర్చుండినను అంటదు. గ్లాసు వేరుగా పెట్టుట వంటి పని రోగమును ఆపదు. మనసును మాత్రము గాయపరచును.

ముక్క తీసిన పిమ్మట రిపోర్టునకు అన్ని దినములేలయని ఆ ఇల్లాలు అడుగును. ఆ తునుకను ఫార్మలిన్ ద్రావకములో ఉంచి, పిమ్మట అందలి నీటిని తొలగించి, పారఫిన్ మైనములో దిమ్మెగా పోయుదురు. ఆ దిమ్మెను మైక్రోటోమ్ అను యంత్రముతో, మిల్లీమీటరులో వేయవ వంతులు నాలుగైదు మాత్రమే మందముగల పొరలుగా కోయుదురు. ఆ పొరను గాజుపలకపై పరచి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూతురు. కొన్నిమార్లు ప్రత్యేకమైన రంగు పరీక్షలు అదనముగా కావలసి వచ్చును. కావున ఆలస్యము దుశ్శకునము కాదు. జాగ్రత్తగా చూచుటకు పట్టు కాలమది. ఈ సంగతి తెలిసిన స్నేహితురాలు చెప్పిన మాట, నిదుర రాని రాత్రి కొంత ఊరట యగును.

ఈ దినములలో "రిపోర్టు వచ్చిందా?" అని పూటపూటకు అడుగరాదు. "ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందామా, వేరే మాట్లాడుకుందామా?" అని అడిగి, ఆమె కోరినట్లు నడచుకొనవలెను. "ధైర్యంగా ఉండు" అని పదేపదే అనినచో ఆమె తన భయమును మనయెదుట దాచుకొనవలసి వచ్చును. ఏడ్చినచో ఏడువనిచ్చుటయే మేలు. "ఏమైనా కావాలంటే చెప్పు" అనుట మర్యాదయే గాని, అడుగుటకు ఆమెకు మొగమాటము. "రేపు పిల్లల కారియరు నేను కడతాను" అనుట సాయము. పసరుమందు పోయువారిని, చనిపోయినవారి కథలు చెప్పువారిని ఆమె గుమ్మము దాటనీయకుండుటయు గొప్ప సాయమే.

విజయవాడకు గాని గుంటూరునకు గాని పరీక్షకు పోవునాడు తోడు పోవువారు ఒక చిన్న పుస్తకము వెంట ఉంచుకొనవలెను. భయములో మనిషి విన్నది సగమైనను గుర్తుండదు. అడుగవలసిన ప్రశ్నలు ముందుగా వ్రాసికొని, డాక్టరు చెప్పినది అచటనే వ్రాయవలెను. పాత కాగితములు, వాడుచున్న మందుల పేర్లు తీసికొనిపోవలెను. రక్తము పలుచబరచు మందు వాడుచున్నచో ముక్క తీయక మునుపే తప్పక చెప్పవలెను. ఆధార్, రేషన్ కార్డులు కూడ ఉండవలెను. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో పిమ్మట ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకమున కాన్సరు చికిత్సలు చేరియున్నవి. అర్హత ఎట్టిదో ఆసుపత్రిలోని ఆ పథకపు బల్ల యొద్ద అడిగి తెలిసికొనవచ్చును.

"ఎవరితోనూ అనకు" అన్న మాటను నిలుపుకొనవలెను. కాని ఇంటిలో ఒక్కరికైనను చెప్పుకొనుమని ఆమెను ఒప్పించుట మంచిది. మగనికా, కూతురికా, అక్కకా యన్నది ఆమె యిష్టము. దీనికి ఎదురైన చిక్కు మరియొకటి కలదు. రిపోర్టు వచ్చిన పిమ్మట బంధువులు వరండాలో నిలిచి, "ఆమెకు మాత్రం చెప్పకండి" అని డాక్టరును బ్రతిమాలుట మన యిండ్లలో పరిపాటి. అది ప్రేమతో చేయు పనియే. కాని అందరి ముఖములు మారి, మాటలు ఆగిపోవుట చూచిన రోగి ఊహించుకొనకుండునా? ఊహించుకొని, తనవారికొరకు తానును ఏమియు తెలియనట్లు నటించును. అపుడు ఒకే కప్పు క్రింద అందరును ఒంటరులే. కావున ముందుగానే ఆమెను అడుగవలెను: "సంగతి నీకే చెప్పమందామా, ముందు మరెవరికైనా చెప్పమందామా?" దేహము ఆమెది. ఎంత తెలియవలెనో నిర్ణయించుటయు ఆమెదే.

ఈ భయము ఊరక పుట్టినది కాదు. రాచపుండు అను పేరు వినినంతనే గుండె జారిన కాలము మన పెద్దలు చూచినది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి సోదరి 1923లో కాన్సరుతో మరణించెను. ఆ దుఃఖము నుండియే 1954లో మదరాసు అడయారులో పన్నెండు పడకలతో కాన్సరు ఆసుపత్రి వెలసినది. మన కృష్ణాజిల్లా నిమ్మకూరున జన్మించిన నందమూరి తారక రామారావు గారి భార్య బసవతారకం గారు 1985లో ఈ వ్యాధితోనే కన్నుమూసిరి. ఆమె పేరిట హైదరాబాదులో ఆసుపత్రి 2000లో ప్రారంభమయ్యెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అను మందుతో, రక్తకాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము గుణము కనబడినదని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో ఉన్నది. భయము పాతది, వైద్యము కొత్తది. ఆ సంగతిని రోగికి గుర్తుచేయుట మిత్రుల పని.

ఇక రిపోర్టు. అందు "నెగెటివ్" అని ఉన్నచో, వెదకిన కాన్సరు ఆ ముక్కలో కనబడలేదని అర్థము. కొందరు ఆ మాటను చూచి బెదరుదురు. "ముక్క చాలలేదు, మరల తీయవలెను" అని వ్రాసినచో అది చెడువార్త కాదు. కాన్సరు కాదని తేలినచో, "నేను చెప్పలేదూ!" అనరాదు; డాక్టరు మరల రమ్మనిన దినమున మరల పోవలెను. కాన్సరని తేలినచో అది మరణశాసనము కాదు. ఏ రకము, ఎంతవరకు వ్యాపించినది, ఏ చికిత్స పనిచేయును అను ప్రశ్నలు అక్కడినుండి మొదలగును. రొమ్ము కాన్సరు తొలిదశలో దొరికినచో నయమగువారే ఎక్కువ. రెండవ డాక్టరు అభిప్రాయము కోరుట తప్పు కాదు. ఆ మైనపు దిమ్మెను, గాజుపలకలను అడిగి తీసికొని మరియొకచోట చూపవచ్చును. మిత్రులకు మాత్రము ఒక సంగతి గుర్తుండవలెను. మొదటి వారమున వచ్చువారు పదిమంది. నాలుగవ నెలలో వచ్చువారు ఒకరిద్దరు. ఆ ఒకరిద్దరిలో మనముండవలెను.

వ్యాధిని నయము చేయుట స్నేహితురాలి చేతిలో లేదు. ఆ గడ్డ ఏమగునో నిర్ణయించుట ఆమె వశము కాదు. పెరటిగోడ యొద్ద ఆ మాట వినిన సాయంకాలమునకును, ఆసుపత్రి మెట్లెక్కు ఉదయమునకును నడుమ ఎన్ని దినములు గడచునో, అది మాత్రము ఆమె చేతిలో ఉన్నది. తిరునాళ్ళు ఏటేట వచ్చును. చూపించుకొనుటకు రేపటి ఉదయమే మంచిది.