స్కాట్లండు కొండలపై నొక దినపు నడక

స్కాట్లండు దేశపు కొండలు ఎత్తున గొప్పవి కావు. వానిలో నెల్ల నున్నతమైన బెన్ నెవిస్ శిఖరము 4,413 అడుగులు మాత్రమే. మన నీలగిరులలోని దొడ్డబెట్ట దానికి ఇంచుమించుగా రెండింతలు. అట్లయ్యును ఆ చిన్న కొండలపై ఏటేట కొందరు ప్రాణములు కోల్పోవుచున్నారు. అవే కొండలపై అనేకులు స్నేహితులతో గూడి సుఖముగా నడచి, సాయంకాలమునకు క్షేమముగా ఇండ్లు చేరుచున్నారు. ఈ భేదమునకు కారణమేమో విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కొండలపై కాలినడకన విహరించుట ఆ దేశీయులకు మిక్కిలి ప్రియమైన వినోదము. 1891వ సంవత్సరమున సర్ హ్యూ మన్రో అను నాయన 3,000 అడుగులకు మించిన శిఖరముల పట్టికను ప్రకటించెను. నేటి పట్టికలో 282 శిఖరములు గలవు. వానిని ఆయన పేరిటనే ‘మన్రోలు’ అందురు. వాని నన్నిటిని ఎక్కిన మొదటివాడుగా ప్రసిద్ధి కెక్కినవాడు ఏ. ఇ. రాబర్ట్‌సన్ అను క్రైస్తవ బోధకుడు. ఆయన 1901లో ఆ పనిని ముగించెను. పట్టిక వ్రాసిన మన్రోకు మాత్రము అన్నిటిని ఎక్కు భాగ్యము లభింపలేదు.

ఇక అపాయమెక్కడిది? స్కాట్లండు ఉత్తర ధ్రువమునకు మనకంటె ఎంతయో సమీపముననున్నది. అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా వచ్చు తడిగాలులు ఆ కొండలను తాకి వర్షించును. ప్రతి 1,000 అడుగుల ఎత్తునకు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు తగ్గును. క్రింద ఎండ కాయుచుండగనే పైన పొగమంచు క్రమ్మి పది అడుగుల దూరములోని త్రోవ కానరాకపోవచ్చును. తడిసిన బట్టలపై గాలి వీచినప్పుడు దేహములోని వేడి త్వరగా హరించిపోవును. మొదట వణకు పుట్టును. పిదప అడుగులు తడబడును. తుదకు బుద్ధి మందగించును. ఇది చలికాలముననే కాదు, వేసవియందును సంభవింపగలదు. కావున నీరు చొరని పైవస్త్రము, ఉన్ని దుస్తులు, గట్టి జోళ్లు, ఆహారము, దీపము, పటము, దిక్సూచి వెంట నుండవలెను. పటమును దిక్సూచిని చదువ నేర్వనివానికి అవి మోతబరువు మాత్రమే.

దృష్టాంతముగా బెన్ లోమండ్ కొండను తీసికొందము. ఇది లోమండ్ సరస్సు తూర్పు గట్టున 3,196 అడుగుల ఎత్తు లేచియున్నది. సరస్సు ఒడ్డుననున్న రోవర్డెనన్ అను చోటినుండి శిఖరమునకు పోయి మరలి వచ్చుటకు దారి ఇంచుమించుగా 7½ మైళ్లు. మొదట అడవి, పిదప గడ్డియు పొదలును గల బయలు, తుదకు రాతిదారి. శిఖరమునుండి చూచినచో దక్షిణమున దీవులతో నిండిన సరస్సును, ఉత్తరమున ఒకదాని వెనుక నొకటిగా కొండల వరుసలును కానవచ్చును. శిఖరమునకు ఒక ప్రక్క మాత్రము కొండ నిట్టనిలువుగా తెగియున్నది. పొగమంచులో నడచువాడు దానిని మరువరాదు.

ఈ నడకకు ఎంత కాలము పట్టును? 1892లో విలియం నైస్మిత్ అను పర్వతారోహకుడు ఒక సులభమైన లెక్క చెప్పెను: ప్రతి 3 మైళ్లకు 1 గంట, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట. ఆ ప్రకారము 7½ మైళ్లకు 2½ గంటలు, సుమారు 3,150 అడుగుల ఎక్కుడునకు గంటన్నరకు పైగా. వెరసి 4 గంటలు దాటును. భోజన విశ్రాంతులు చేర్చినచో 6 గంటలు కావచ్చును. జూను మాసమున అచ్చట పగలు 17 గంటలకు పైగా నుండును గనుక తొందర లేదు. డిసెంబరులో పగలు 7 గంటలే. వేసవిలో మన్నించిన ఆలస్యమును చలికాలము మన్నింపదు.

స్నేహితులతో నడచునప్పుడు అందరికంటె మెల్లగా నడచువాని నడకయే అందరి నడక కావలెను. బలవంతులు ముందు పోయి, నిలిచి, వెనుకవాడు రాగానే మరల బయలుదేరుదురేని, వారికి విశ్రాంతి దొరకును గాని, అది ఎక్కువ అవసరమైనవానికి దొరకదు. పొగమంచు క్రమ్మినచో వాడు ఒంటరియై త్రోవ తప్పును. మరియు చలిచే బుద్ధి మందగించినవాడు తన స్థితిని తాను గ్రహింపలేడు; ప్రక్కనున్నవాడే దానిని కనిపెట్టవలెను. కావున కొండపై స్నేహము ముచ్చటకు మాత్రమే గాక ప్రాణరక్షణకును అవసరము.

1971వ సంవత్సరము నవంబరు మాసమున ఎడింబరో నగరపు విద్యార్థులు కొందరు శిక్షకులతో కేర్న్‌గోర్మ్ పర్వతముల పీఠభూమిపైకి వెళ్లిరి. వారిలో ఒక జట్టు మంచుతుఫానులో చిక్కుకొని, తాము చేరదలచిన ఆశ్రయగృహమును చేరలేక, బయటనే రాత్రులు గడపవలసి వచ్చెను. ఐదుగురు విద్యార్థులును, 18 ఏండ్ల సహాయ శిక్షకురాలును మరణించిరి. వారు మన ఉన్నత పాఠశాల విద్యార్థుల ఈడువారే. పిదప విచారణ జరిగెను. పైన గుడిసె కలదను ధైర్యము జనులను అపాయములోనికి దింపవచ్చునను వాదము నెగ్గి, కొన్ని ఏండ్లకు ఆ ఆశ్రయము తొలగింపబడెను. గుడిసెను చేరగలమను ఆశకంటె, తుఫాను రాకముందే వెనుకకు మరలు వివేకము మేలు. శిఖరము మరునాడును అచ్చటనే యుండును.

ఆపద కలిగినచో నిమిషమునకు 6 మారులు ఈల ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఊదవలెను. రాత్రియందు దీపముతోను అట్లే చేయవలెను. పోలీసులకు వార్త చేరినచో పర్వత రక్షకదళములు వచ్చును. ఆ దళములలో పెక్కుమంది జీతము లేని స్వచ్ఛంద సేవకులే. అర్ధరాత్రి తమ పడకలు విడిచి, ముఖమెరుగని మనుష్యునికై మంచులో నడచి పోవుదురు. మన అజాగ్రత్త వారి ప్రాణములకును ముప్పు తెచ్చునని తలచవలెను.

అందుచేత బయలుదేరుటకు ముందు, ఏ దారిన పోవుచున్నారో, ఎన్ని గంటలకు మరలి వత్తురో ఇంటనున్న ఒకరికి చెప్పిపోవలెను. కొండ దిగిన పిమ్మట మొదట చేయవలసిన పని, క్షేమముగా చేరితిమని వారికి కబురంపుట. ఆ కబురు అందువరకు యాత్ర ముగిసినట్లు కాదు.